సింహాచలం అన్నయ్య పైపు, నా పసుపు గుడ్డ

"ఆడి పైపే ఆణ్ని మింగేసింది."

ఇదీ మా అన్నయ్య మీద మోపిన అభియోగం. నిన్న సాయంత్రం, మార్చురీ ఎదుట, దేహం ఇంకా మా చేతికి రాకముందే మోపారు. దానికి జవాబు చెప్పడానికే ఈ పోస్ట్ రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం జగదల్‌పూర్‌లో, కాలేజీ డిబేట్ రిహార్సల్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "సింహాచలం ఇంక లేడే" అంది.

ఏ ప్రశ్నకైనా జవాబు సిద్ధంగా ఉంచుకునే దాన్ని. ఆ జవాబుల కాగితాలన్నీ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

సింహాచలం మా పెదనాన్న కొడుకు. మా ఇనుపగనుల ఊరైన బచేలి మార్కెట్‌లో బైక్ మెకానిక్. ఆగిపోయిన ఒక టీచర్ బండి చూడడానికి తోంగ్‌పాల్ వెళ్తూ ఘాట్ రోడ్డు మలుపులో జారిపడ్డాడు.

వెనక టైరంతా ఇంజనాయిల్.

అందుకే ఆ నింద.

తెలియనివారికి పైపు సంగతి చెప్పాలి. ఇంజను లోపల పుట్టే ఆవిరి, నూనె తుంపరతో కలిసి బ్రీదర్ పైపులోంచి బయటికి రావాలి. కంపెనీవాళ్ళు ఆ పైపును ఎయిర్ ఫిల్టర్‌ వైపే తిప్పుతారు. కొత్త బండికి అది సరైనదే. కానీ మా ఊరి పాత బండ్లలో ఆ నూనె, గనుల ఎర్రధూళి కలిసి ఫిల్టర్‌లో బురదగా మారతాయి. బండి దగ్గుతుంది. సరిగ్గా ఎత్తు ఎక్కేచోట ఆగిపోతుంది.

అన్నయ్య ఆ పైపును ఫిల్టర్ నుంచి తప్పించి, సీటు కిందుగా నంబర్ ప్లేట్ వెనక్కి తెచ్చేవాడు. చుక్క కారినా టైరు మీద పడకూడదని కొసను టైరు దాటించేవాడు. మా కాలనీలో సగం బండ్లకు ఆయన చేతి పైపే ఉంది.

రూల్స్ దీన్ని ఒప్పుకోవు. ఆ పొగ నేరుగా గాలిలో కలుస్తుంది. ఆ తప్పు ఒప్పుకుంటాను. ప్రాణం తీసిందన్న మాట మాత్రం ఒప్పుకోను.

విశ్వకర్మ పూజకు బండ్లు కడిగేటప్పుడు నీళ్ళు పోకుండా పైపు కొసలో గుడ్డ కుక్కడం మా అందరికీ అలవాటు. అన్నయ్య ఆ గుడ్డ చివర బండి తాళం కట్టేవాడు. గుడ్డ బయటికి లాగితే గాని తాళం చేతికి రాదు.

ఎందుకని ఒకసారి అడిగాను.

"నీ నోరు గంటసేపు మూసేస్తే ఏటవుద్దే వకీలమ్మా? పేలిపోవా? ఇంజనూ అంతే" అన్నాడు.

మొన్న పూజనాడు ఆయన బండి నేనే కడిగాను. నా పాత పసుపు చున్నీ చింపి పైపులో కుక్కాను. తాళం కట్టబోతుండగా, బండ్లన్నీ వరుసలో పెట్టాలని కేక వేశారు. హ్యాండిల్ లాక్ తీయడానికి తాళం కావలసి వచ్చింది. తర్వాత కడదామనుకున్నాను.

కొబ్బరికాయ కొట్టారు. ఫొటోలు దిగాం.

నిన్న తెల్లవారాక, రైలుకు బయలుదేరుతూ ఆ తాళం ఆయన చేతిలో పెట్టింది నేనే.

గుడ్డ తీశావా అని ఆయన అడగలేదు. తాళం విడిగా వచ్చిందంటే పైపు తెరిచి ఉన్నట్టే. అది ఆయన నియమం. దాన్నే నమ్మాడు.

బండి స్టార్ట్ చేసి ఒక్క క్షణం తల వంచి విన్నాడు.

"ఏటో బరువుగా ఉందే" అన్నాడు.

"పూలదండ బరువులే" అన్నాను.

నవ్వి వెళ్ళిపోయాడు. బండి నిలిపిన చోట ముగ్గు మీద నల్లటి చుక్క కనిపించింది. చెప్పుతో తుడిచేశాను.

నిన్న సాయంత్రం పోలీసు థానా ఆవరణలో ఆ బండిని మళ్ళీ చూశాను. పైపు కొస పూర్తిగా పొడిగా ఉంది. లోపల నా పసుపు గుడ్డ ఉంది. తడిసింది మరోచోట, గొలుసు పక్కన, ఇంజను నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్ దగ్గర. బయటికి దారి లేక ఇంజనులో ఒత్తిడి పెరిగి ఆ సీల్‌ను తన్నేసింది. నూనె గొలుసు మీదుగా టైరుకు చేరింది.

ఇదంతా కళ్ళారా చూసి మార్చురీకి వచ్చేసరికి, పైపే మింగేసిందన్న ఆ మాట వినపడింది. అన్నది మా పక్క క్వార్టర్ అప్పారావు మావయ్య. బచేలి నుంచి తన బండి మీదే వచ్చాడు.

"మావయ్యా, మీ బండి పైపూ అన్నయ్య పెట్టిందే కదా?"

"అవునే, అయితే ఏటి?"

"ఒకసారి వెనక్కి రండి."

వంగి లాగాను. బనియన్ గుడ్డ, జానెడు పొడవు, నా చేతికి వచ్చింది. సీల్ దగ్గర అప్పటికే తడి మొదలైంది.

"మొన్న నేనే ఎట్టాను... తియ్యడం మర్సిపోనానే" అంటూ ఆయన ఆ గుడ్డ అందుకున్నాడు. ఆ బండి మీదే ఘాట్ దిగి వచ్చాడాయన.

కనుక నా జవాబు ఇది. అన్నయ్య పైపు నిర్దోషి. ఆయన నియమం తప్పింది నేను. ఎవరైనా వేలు చూపదలిస్తే నా వైపు చూపండి.

అన్నయ్యా, ఎర్రధూళి లేని చోట నిశ్చింతగా పడుకో. ఈ ఒక్క వాదన నీ తరఫున పూర్తి చేస్తాను.

ఇక మీతో. ఆయన పైపు పెట్టిన బండ్లన్నీ మొన్న పూజకు కడిగినవే. నిన్నటి నుంచి అవి రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఎన్నింటిలో గుడ్డ ఉండిపోయిందో నాకు తెలియదు.

ఓం శాంతి అని రాయకండి. దండం బొమ్మలు పెట్టకండి. లేవండి. బండి వెనక వంగి పైపు కొసలో వేలు పెట్టి చూడండి. గుడ్డ ఉంటే తీసేయండి.

తీశాకే ఇక్కడికొచ్చి "తీశాను" అని రాయండి. అంతవరకూ ఎవరూ తాళం తిప్పకండి.