చెంబు పట్టిన చెయ్యి చూసి

“పాపం” అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చీపురుపల్లిలో మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ప్రతి కోడలికీ ఎవరో ఒకరు నా సంగతి చేరేస్తారు. మర్నాడు ఆ పిల్ల నన్ను చూసి మొహం అదోలా పెట్టి, “పాపం, కన్నకూతుర్ని దత్తతిచ్చేసినాదట” అంటుంది. పాపమేమిటి, నా మొహం! నేనేమైనా పిల్లని సంతలో వదిలేసి వచ్చానా? చూసి, ఎంచి, నాకు నచ్చిన మనిషి చేతుల్లో పెట్టాను. ఈ రోజుల్లో పెళ్ళి సంబంధాలకి కూడా ఎవరూ అంత చూడరు.

నా పేరు సింహాచలం. నా పని పసిపిల్లలకి నీళ్ళు పోయడం. బాలింతకి నూనె రాసి ఒళ్ళు పట్టడం, పసిగుడ్డుని చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేసి, తుడిచి తల్లి ఒళ్ళో పెట్టడం. మా మేనత్త నారాయణమ్మ దగ్గర నేర్చుకున్నాను. నా కాళ్ళ మీద పెరిగిన వాళ్ళు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళలో ఒకడు పోలీసయ్యాడు. మొన్న బండికి కాగితాలు లేవని మా అబ్బాయి రాముణ్ణి ఆపితే నేనే వెళ్ళాను. “ఒరే, నా కాళ్ళ మీద ఎన్నిసార్లు ఉచ్చ పోసినావో అందరికీ సెప్పమంటావేటి?” అన్నాను. సిగ్గుపడి వదిలేశాడు.

పాతికేళ్ళ కిందటి మాట. విజయనగరంలో ఒక కిరాణా షావుకారి ఇంట్లో చిన్నకోడలి పురుటికి కుదిరాను. ఆ ఇంటి పెద్దకోడలు పార్వతీదేవికి పిల్లల్లేరు. నేను పసివాడికి నీళ్ళు పోసే వేళకి అత్తగారు ఆవిణ్ణి అక్కడ ఉండనిచ్చేది కాదు. దిష్టి తగులుతుందని పైకి అనదు. “పార్వతీ, పప్పు మాడిపోతున్నాదేమో చూడు” అంటుంది. ఆ ఇంట్లో రోజూ సరిగ్గా అదే వేళకి పప్పు మాడేది.

కొన్నాళ్ళు చూశాను. నాకసలే నోరు ఆగదు. ఒకరోజు, “ఇలగ రండమ్మా, సెంబు పట్టండి. నాకేటి నాలుగు సేతులున్నాయా?” అన్నాను. అత్తగారు నోరు తెరిచేలోపే పార్వతీదేవి వచ్చి పీట మీద కూర్చుంది.

పసిబిడ్డకి నీళ్ళు పోయడం అందరికీ చేతకాదు. కొందరు గుమ్మరించేస్తారు. కొందరు భయపడి ధార ఆపి ఆపి పోస్తారు, ఈలోపు బిడ్డ చలికి వణికిపోతుంది. ఆవిడ ముందు తన మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకుంది. ఎడమచెయ్యి బిడ్డ నుదుటికి అడ్డం పెట్టి, నీళ్ళు కళ్ళలోకి జారకుండా, నా చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత వేగంగా పోసింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే కారనిచ్చింది. బిడ్డని మాత్రం వదల్లేదు. ఆ చెయ్యి నా మనసులో ఉండిపోయింది.

మరుసటి ఏడాది మా ఆయన గంగులు చెన్నైలో కట్టడం పనిలో పరంజా మీంచి పడి చనిపోయాడు. అప్పటికి రాముడు తప్పటడుగులు వేస్తున్నాడు, నేను మళ్ళీ కడుపుతో ఉన్నాను. నారాయణమ్మత్తకి చూపు ఆనడం మానేసింది. ఆడపిల్ల పుట్టింది. నాకు జ్వరం పట్టుకుంది, పాలు పడలేదు. పడుకుంటే పొయ్యి వెలగదు, పనికెళితే పసిదాన్ని చూసేవాళ్ళు లేరు. బిడ్డ బరువు నాకు చేతిలోనే తెలిసిపోతుంది కదా. ఊళ్ళో పిల్లలందరూ నా కాళ్ళ మీద బరువెక్కుతుంటే, నా పిల్ల రోజు రోజుకీ తేలికైపోతోంది. నీళ్ళు పోస్తుంటే పక్కటెముకలు వేళ్ళకి తగిలేవి.

ఇవ్వడమంటూ జరిగితే ఎవరికివ్వాలో నేను ఆలోచించనక్కర్లేకపోయింది. కబురు పంపాను. పార్వతీదేవీ, ఆవిడ భర్త మోహనకృష్ణా వచ్చారు. నేను అడిగింది ఒక్కటే. “రేపు ఇది పెద్దదై అడిగితే అబద్ధం సెప్పకండమ్మా. కన్నది నానేనని సెప్పండి.” సరేనన్నారు. వాళ్ళ ఇంట్లో హోమం చేసి, ఆఫీసులో రాయించి, పద్ధతిగా పుచ్చుకున్నారు. రోజూ వచ్చి పిల్లకి నీళ్ళు పొయ్యమని నన్ను బతిమాలారు కూడా. నేను వెళ్ళలేదు. నా చెయ్యి ఆ పిల్లకి తెలుసు. రోజూ వెళ్ళి ఆ చెయ్యి గుర్తుచేస్తుంటే, అది ఆవిణ్ణి అమ్మా అనుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? “మీకు వచ్చు కదమ్మా, మీరే పోసుకోండి” అని వచ్చేశాను.

ఆవిడ మాట తప్పలేదు. పిల్లకి సింధు అని పేరు పెట్టుకుంది. ఏటా రామతీర్థం తీసుకొచ్చేది. నేనూ వెళ్ళేదాన్ని. దర్శనమయ్యాక పిల్లని నా పక్కన కూర్చోబెట్టి, “నిన్ను కన్నది ఈవిడే” అని మామూలుగా, వాళ్ళ వీధి పేరు చెప్పినట్టు చెప్పేది. సింధు నన్ను పిన్నీ అని పిలిచేది. బొద్దుగా ఉండేది. ఒళ్ళో కూర్చుంటే నా తొడలు తిమ్మిరెక్కేవి, అయినా దింపేదాన్ని కాదు. పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు నా నోటికి దేవుడి పేరు ముందొస్తుందో పార్వతీదేవి పేరు ముందొస్తుందో నాకే తెలియదు. అంత రుణపడి ఉన్నాను, అంత సంతోషంగానూ ఉన్నాను.

సింధు చదువుకుంది, ఉద్యోగం చేసింది, కళ్యాణ్ అనే మంచి పిల్లాణ్ణి చేసుకుంది. మొన్న వేసవిలో పార్వతీదేవి ఇంట్లోనే పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఆ వారంలోనే పార్వతీదేవి ఫోన్ చేసింది.

“సింహాచలం, నువ్వొకసారి రావాలి. పిల్లని ఎవరి చేతికీ ఇవ్వటం లేదు. నాకూ ఇవ్వటం లేదు, కళ్యాణ్‌కీ ఇవ్వటం లేదు. రాత్రీ పగలూ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటున్నాది. నిద్రన్నది లేదు.”

వెళ్ళాను. సింధు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను నీళ్ళు కాచి తెచ్చుకుని, పీట వేసుకుని, కాళ్ళు చాపాను.

“ఇలగ తే తల్లీ, నీళ్ళు పోస్తాను.”

“నీకివ్వను పిన్నీ.”

“ఏటే, ఎందుకివ్వవు?”

“ఇది పుట్టేవరకూ నీ మీద నాకు కోపం లేదు. దీన్ని చూశాకే వచ్చింది. నేనూ ఇంతే ఉండుంటాను కదా! ఎలా ఇచ్చేశావు? ఏడవను కూడా లేదట. అమ్మే చెప్పింది.”

వీధిలో ఎవరన్నా ఆ మాటంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఈ పిల్లని ఏమనగలను? దీనికి తప్ప ఈ లోకంలో నేనెవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇది మొహం తిప్పుకుంటే ఇక రామతీర్థం లేదు, పిన్నీ అనే పిలుపు లేదు. అబద్ధం చెప్పి బుజ్జగిద్దామా అనిపించింది. కానీ దానికి అబద్ధం చెప్పొద్దని అడిగినదాన్నే నేను.

“నిజమేనే. ఏడవనేదు” అన్నాను. “ఆ రోజు నిన్ను అందుకోడానికి మీ అమ్మ సేతులు సాపి నిల్చున్నాది. ఆ సేతులు గడగడా వణకతన్నాయి. నాను ఒక్క సుక్క కార్సినానంటే ఎనక్కి తీసేసుకుంటాది. మంచి మనిసి, ఇంకొకర్ని ఏడిపించి పిల్లనెత్తుకోడం ఆవిడవల్ల కాదు. నువ్వు సూస్తే సిక్కి సగవైపోనావు. అందుకే పళ్ళు బిగించి నవ్వుతూ ఇచ్చినాను. బస్సెక్కినాక ఏడిసినాను. సీపురుపల్లి దాటిపోనా తెలీనేదు, రాజాం దాకా పోనాను. కండట్రు కూడా ఏటీ అడగనేదు.”

గుమ్మంలో నిలబడి పార్వతీదేవి వింటోంది. “ఇన్నేళ్ళూ నాకీ మాట చెప్పలేదేటి?” అంది.

“సెప్తే మీరు అన్నం మానేస్తారు కదమ్మా” అన్నాను.

సింధు మంచం దిగి వచ్చి, పిల్లని రెండు చేతులతో నా ముందుకి చాపింది. ఇచ్చేటప్పుడు భోరున ఏడ్చింది. “నాకు నీలా ఆపుకోవడం రాదు పిన్నీ. అయినా తీసుకో” అంది.

ఎంతమంది పిల్లల్ని అందుకున్న చేతులో ఇవి. ఆ పిల్లని అందుకోవడానికి లేవలేదు. ఏడుస్తున్న తల్లి చేతుల్లోంచి తీసుకోవడం నావల్ల కాలేదు. పార్వతీదేవి వచ్చి నా పక్కన నేల మీదే చతికిలబడి, నా మణికట్లు పట్టుకుని పైకెత్తింది.

“పట్టు సింహాచలం, ఏం కాదు. మొదటిసారి నాకూ ఇలాగే అయింది.”

పిల్ల మా ఇద్దరి చేతుల్లోకీ వచ్చింది. పసిగుడ్డుకి బాగానే బరువుంది. నేను కాళ్ళ మీద వేసుకుని నూనె రాయడం మొదలుపెట్టాను. సింధు కాసేపు కళ్ళు తుడుచుకుంటూ నా చేతుల్నే చూసింది. తరువాత అక్కడే, నా వెనక చాప మీద ఒరిగి, నా చీర చెంగు మీద ఒక చెయ్యి వేసుకుని నిద్రపోయింది.