చావని దళం

ఒతకర్ కొలాష్‌కు సొంతంగా ఒక దేశం ఉంది. పటంలో వెతక్కండి, దొరకదు. మా తన్‌వాల్డ్ ఊరి బస్సు డిపోలో సీట్లకు గుడ్డలు కుడుతూ, మిషను ముందు కూర్చుని పుట్టించాడు దాన్ని. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన చలికాలంలో మా యిజెరా కొండల గాజు పనివాళ్ళు ఇక మాకు ఏ రాజూ వద్దని తేల్చేసి, మంచు కరిగేదాకా తమను తామే ఏలుకున్నారట. శుద్ధ అబద్ధం. అడిగితే తనే ముందు ఒప్పుకుంటాడు. కానీ ఆ దేశపు సైన్యం మాత్రం నిజం, ఎందుకంటే అందులో నేనూ ఉన్నాను.

సైన్యం అంటే మరీ ఊహించుకోకండి. మాది ఎయిర్‌సాఫ్ట్ జట్టు. బొమ్మ తుపాకులు, ప్లాస్టిక్ గుండ్లు, అడవిలో ఆదివారం యుద్ధం. ఇలాంటి జట్లు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. మాకున్న ప్రత్యేకత మా చరిత్రే. గాజు ప్లటూన్ అని అన్నదమ్ములిద్దరు. వంట ప్లటూన్ అని బొహౌష్, వాడి పెద్ద గరిట. పోస్టు ప్లటూన్ అంటే మొత్తం నేనే, ద్రహోమీరాను. వీటన్నిటి మీదా మంచు మీద జారుతూ పోయే స్కీ దళం కెప్టెన్ ఒతకర్. ఆయనకు స్కీ రాదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, మా దేశం మంచు పడకముందే మొదలైంది అంటాడు. మాట పడడు మహానుభావుడు.

వంటవాళ్ళకు అన్నిటికంటే పెద్ద పతకం ఎందుకు ఇచ్చావని ఒకసారి అడిగాను. పాత ప్రభుత్వం రోజుల్లో తనను బలవంతపు సైనిక సేవకు తీసుకెళ్ళి, రెండేళ్ళూ బంగాళాదుంపల తొక్క తీయించారట. అధికారులు తాగి వచ్చి ఆ బకెట్లు తన్నేవారట. "అందుకే నా సైన్యంలో గరిట పట్టినవాడికి అందరూ సెల్యూట్ కొట్టాలి," అన్నాడు. మేం కొడతాం. బొహౌష్‌కు తల తిరిగిపోయింది, అది వేరే సంగతి.

ఇంకో గొప్ప మా కోట్లు. పాత దుప్పట్ల ఉన్నితో, బస్సు సీట్లు కుట్టే ఆ మిషను మీదే, ఒక్కొక్కటీ ఒతకర్ కుట్టాడు. బూడిద రంగు, మోకాళ్ళ కిందికి వస్తాయి, గాజు బొత్తాలు. అవి వేసుకుని మంచులో నిలబడితే మమ్మల్ని చూసి కుక్కలు కూడా మొరగవు. ఆ కోట్లే మా కొంప ముంచాయి.

ఎయిర్‌సాఫ్ట్‌లో గుండు తగిలిన గుర్తు ఎక్కడా ఉండదు. తగిలినవాడే చెయ్యెత్తి "తగిలింది" అని అరిచి పక్కకు తప్పుకోవాలి. ఆట మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. తగిలినా నోరు మెదపనివాణ్ణి చావనోడు అంటారు. మా లోకంలో అంతకంటే దొంగ అనిపించుకోవడం నయం.

శరదృతువు ఆటలో ఆ మాట మమ్మల్ని అన్నారు. అన్నది విలేమ్, లిబెరెత్స్ పట్టణం నుంచి వచ్చే జట్టు నాయకుడు. ఒంటి నిండా కొత్త సామాను, నోటి నిండా వెటకారం. ఆట నడిపే బ్లాంకా ముందు అందరూ వినేలా, ఈ తాత దళాన్ని ఎంత కాల్చినా చావదు, వీళ్ళతో ఆడేకంటే చెట్లతో ఆడటం మేలు అన్నాడు. నాకు ఒళ్ళు మండి నాలుగు మాటలు అనేశాను. బ్లాంకా నిదానంగా చెప్పింది: చలికాలం ఆటలో మళ్ళీ ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇక మీ దళాన్ని పిలవను. చరిత్ర దళాలను రానిచ్చే ఆట మా చుట్టుపక్కల అదొక్కటే. అది పోతే ఒతకర్ దేశానికి నేల లేదు.

మరుసటి వారం నన్ను తన పెరట్లోకి పిలిచాడు. కోటు వేసుకుని, అటు తిరిగి, కంచె దగ్గర నిలబడి, వీపు మీద కాల్చమన్నాడు. కాల్చాను. మళ్ళీ కాల్చాను. ఇంకోసారి కాల్చాను.

"ఏం ద్రహా, కాల్చవేం?" అన్నాడు.

"ఎప్పుడో కాల్చేశాను కదయ్యా," అన్నాను.

వెనక్కి తిరిగి నా మొహం చూశాడు, తర్వాత తన కోటు చూసుకున్నాడు. ఆ ఉన్ని గుండును మింగేస్తోంది, ఒంటికి దెబ్బే తెలియడం లేదు. ఆయన తడి గడ్డిలో అలాగే చతికిలబడ్డాడు. "అంటే వాడు అన్నది నిజమే. ఇన్నేళ్ళుగా ఎందరు నన్ను చంపారో, ఎందరిని నేను వెధవల్ని చేశానో," అన్నాడు. నీకు తెలిసి చేశావా, ఊరుకోమన్నాను. ఊరుకోలేదు. ఆయన అంతగా కుంగిపోవడం నేను చూడలేకపోయాను.

చలికాలం ఆట రోజు పొద్దున్నే గడ్డ కట్టే చలి. అడవి మధ్య కట్టెలు కొట్టేవాళ్ళ గుడిసె, దాని చూరుకు ఒక గంట. విలేమ్ జట్టు కాపలా, మేం వెళ్ళి గంట మోగించాలి. బ్లాంకా ఈల వేసే ముందు ఒతకర్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి, కోట్లు విప్పమన్నాడు.

బొహౌష్ నిజంగానే ఏడుపు మొహం పెట్టాడు. చొక్కాలతోనా, చచ్చిపోతాం అన్నాడు.

"అదేరా కావాల్సింది," అన్నాడు ఒతకర్. "ఇవాళ మనం చావాలి. తగిలితే తగిలినట్టు తెలియాలి."

విప్పాం. తెల్ల చొక్కాలు, భుజాల మీదుగా ప్యాంటు పట్టీలు, నోట్లోంచి పొగలు. అవతలి జట్టు విరగబడి నవ్వింది. ఈల మోగింది.

ఏం చెప్పను ఆ పరుగు! చలికి ఒక్కచోట నిలవలేక పరిగెత్తాం, పరిగెత్తుతూ కాల్చాం. కొత్త సామాను వాళ్ళు పొదల వెనక నక్కి ఉంటే, మేం పిచ్చెక్కిన మేకల్లా వాళ్ళ మధ్యలో పడ్డాం. ఇలా కూడా దాడి చేస్తారని వాళ్ళు ఊహించలేదు. గాజు ప్లటూన్ అన్నదమ్ములు కుడివైపు దారి మొత్తం ఊడ్చేశారు. తర్వాత పెద్దవాడికి తగిలింది, ఆ వెంటనే చిన్నవాడికి. ఇద్దరూ అడవి దద్దరిల్లేలా "తగిలింది" అని అరిచి చేతులెత్తారు. బొహౌష్ గరిట ఊపుతూ వెళ్ళి వీపు మీద దెబ్బ తిన్నాడు, అబ్బా అని ఎగిరి, ఆటలో పోయినవాళ్ళ కోసం వేసిన చలిమంట దగ్గరికి సంతోషంగా పరిగెత్తాడు. అక్కడ వెచ్చగా ఉంది మరి. నాకు మెడ మీద తగిలింది, కందిరీగ కుట్టినట్టు చురుక్కుమంది. ఇన్నేళ్ళలో ఒక దెబ్బకు అంత ఆనందపడటం అదే మొదలు.

మంట దగ్గర నిలబడి చూస్తున్నాం. ఒతకర్ ఒక్కడే మిగిలాడు. అవతల కట్టెల దొంతర వెనక విలేమ్ ఒక్కడు. ఒతకర్ ఫర్ చెట్ల కిందుగా, ఆ వయసులో ఆ బొజ్జతో, దూసుకుపోతున్నాడు. గుడిసె దగ్గరకొచ్చాడు. తాడు అందేంత దగ్గరకొచ్చాడు. చెయ్యి చాచాడు.

ఆగిపోయాడు. చాచిన చెయ్యి అలాగే పైకెత్తాడు.

"తగిలింది!"

ఆట అయిపోయింది. ఓడిపోయాం. నేను ఆయన కోటు పట్టుకుని పరిగెత్తాను. ఈలోగా దొంతర వెనకనుంచి విలేమ్ లేచి వచ్చాడు. మొహం అదోలా ఉంది.

"తాతా, నేను కాల్చలేదు," అన్నాడు. "చలికి నా తుపాకీ ఎప్పుడో బిగుసుకుపోయింది. మా వాళ్ళెవరూ మిగల్లేదు. నీ మీద కొమ్మ మీది మంచు పడింది, అంతే."

అందరం పైకి చూశాం. కొమ్మ ఇంకా ఊగుతోంది. ఒతకర్ మెడ తడుముకుని, తడిసిన వేళ్ళు చూసుకున్నాడు.

"తగిలింది కదా బాబూ," అన్నాడు. "ఎవరు కొట్టారో చూసుకుని చస్తామా?"

బ్లాంకా అందరినీ మంట చుట్టూ నిలబెట్టి, ఎవరికైనా ఫిర్యాదులు ఉన్నాయా అని అడిగింది. ఎప్పుడూ అడిగేదే. కానీ ఒతకర్ తల దించుకున్నాడు, నేను పళ్ళు బిగబట్టాను. అప్పుడు విలేమ్ చెయ్యెత్తాడు. వీడి నోరు పడిపోను అనుకున్నాను.

"నాకుంది," అన్నాడు. "ఈ దళం మరీ ఊరికే చచ్చిపోతోంది. వచ్చే ఏడు వీళ్ళకు కోట్లు వేయించండి."