తువ్వాల కింద వడ్డీ బేరం

ఎనభైల మొదట్లో ఒక ఏడాదంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నంద్యాల్లో మేం అద్దెకున్న ఇల్లు అమ్మేస్తానని ఇంటాయన చెప్పిన రోజు నుంచి నాకు కూర్చుంటే నిలకడ లేదు, పడుకుంటే నిద్ర లేదు. ఆయన దుప్పట్ల వ్యాపారి, మంచివాడే. "టీచరమ్మా, రంజాన్ దాకా ఆగుతా. నూనెమిల్లు ఆయప్ప రొక్కం పట్టుకోని కూచోనుండాడు. నువ్వు ముందు బయానా ఇస్తే ఇల్లు నీకే," అన్నాడు.

నాకు ఆ ఇల్లు కావాలి. కావాలనడం ఊరికే కాదు, పంతం. పెళ్లయినప్పటి నుంచి ఎన్ని వాటాలు మారామో! మీరు చర్చికి పోయేవాళ్లా, మాంసం వండుతారా అని అడగడం, మేం అవుననడం, వాళ్లు తలుపేసుకోవడం. ఈయనొక్కడే ఏమీ అడక్కుండా తాళంచెవి చేతిలో పెట్టాడు. మళ్లీ సామాను బండికెక్కించే ఓపిక నాకు లేదు. లేదంటే లేదు.

నేను మిషన్ బడిలో టీచర్ని, మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. కొనబోయే ఆ ఇంటి పత్రాలే తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవడం తప్ప మాకు దారి లేదు. నంద్యాల బ్యాంకులో పదమూడున్నర శాతం వడ్డీ అన్నారు. మా నాయన ఉండే ఆళ్లగడ్డలో ఇంకో బ్యాంకు పన్నెండుకే ఇస్తోందని విని, బడి వదలగానే బస్సెక్కి అక్కడికి పరిగెత్తాను. వాళ్లు అంతా తాపీగా విని, ఇల్లు నంద్యాల్లో ఉంటే మేం ఇవ్వం అన్నారు. ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా!

తిరిగొచ్చి నంద్యాల మేనేజర్‌ను పట్టుకున్నాను. అక్కడ పన్నెండయితే మీ దగ్గర పదమూడున్నర ఎందుకని నిలదీశాను. ఆయన గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "రేటు పైనుంచి వస్తుందమ్మా, నా చేతిలో ఏముందండీ," అన్నాడు. నాలుగు రోజులాగి మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట, అదే చిరునవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకటిన్నర శాతం ఆయనకు అంకె, నాకు నెలనెలా పిల్లల పాలు. వచ్చినకాడికి తీసుకో అని మా ఆయన పోరుతూనే ఉన్నాడు. నేను వినలేదు. పండగ దగ్గర పడుతోంది.

చివరికి నాయన వచ్చాడు. ఆయన ఎద్దుల దళారీ. సంతలో ఆ బేరాలన్నీ తువ్వాల కిందే జరుగుతాయి. దళారీ అవతలి మనిషి చెయ్యి పట్టుకుని పైన తువ్వాల కప్పుతాడు. వేళ్లు నొక్కి ధర చెప్తాడు. పక్కనున్నవాడికి అంకె తెలియదు. ఇష్టం లేనివాడు చెయ్యి లాక్కుంటాడు. లాక్కోలేదంటే బేరం కుదిరినట్టే, ఇక దానికి తిరుగు లేదు.

"ఏందిమ్మా, ఇన్ని తూర్లు తిరుగుతాండావ్? నల్గురి ముందర అడిగితే యావడు తగ్గిస్తాడు? పా, నేనొస్తా," అన్నాడు నాయన.

బ్యాంకులోకి వెళ్లగానే, పెద్దాయన అని గౌరవంగా మేనేజర్ లేచి చెయ్యి చాపాడు. నాయన ఆ చెయ్యి పట్టుకుని, భుజం మీది తువ్వాల తీసి కప్పేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు కట్టడానికి వచ్చినవాళ్లంతా మెడలు సాచి చూస్తున్నారు. నాయన ఎవరినీ పట్టించుకోలేదు. మేనేజర్ కళ్లలోకే చూస్తూ లోపల వేళ్లు నొక్కుతున్నాడు. పాపం, ఆయనకు సంత గురించి ఏం తెలుసు? ముసలాయన ఆప్యాయంగా పట్టుకున్నాడనుకున్నాడో ఏమో, నవ్వుతూ, తలూపుతూ చెయ్యి అలాగే ఉంచాడు.

బయటికి రాగానే నాయన, "పన్నెండు. అయిపాయ," అన్నాడు.

"నాయనా, ఆయనకు అర్థం కాలేదు!"

"అర్థం అయ్యేదేముంది? చెయ్యి ఇడిపించుకున్యాడా? లేదు గదా."

ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాను. ఆయన్ని ఆళ్లగడ్డ బస్సెక్కించి, ఆ సంగతి అంతటితో పోయిందనుకున్నాను.

పండగ ముందు దుప్పట్లాయన మా గుమ్మంలోకి వచ్చాడు. "మీ నాయన బయానా ఇచ్చిపోయినాడు టీచరమ్మా, ఇంగ నీకేం దిగులు లేదు," అన్నాడు. నాయనకు అంత డబ్బు ఎక్కడిది? ఆ వెనకే బ్యాంకులో అప్పు మంజూరైంది. వడ్డీ పదమూడున్నరే.

ఆళ్లగడ్డకు పరిగెత్తాను. ఎద్దుల కొట్టం ఖాళీ. ఎన్ని జతలు ఆయన చేతుల మీదుగా మారినా, ఎవరెంత అడిగినా అమ్మకుండా ఉంచుకున్న సొంత ఎద్దుల జత ఇప్పుడు అక్కడ లేదు. నాయన మేత వేసే గాడి పక్కన కూర్చుని పలుపుతాళ్లు చుట్టుకుంటున్నాడు.

"ఎవురు అమ్మమన్యారు నిన్ను? మేనేజరు పదమూడున్నరే ఏసినాడు. నీ బేరం ఆయప్పకు తెలీను కూడా తెలీదు!" అని అరిచాను.

"చెయ్యి తియ్యలేదే," అన్నాడు నాయన. ఆ గొంతు విని నా కోపం చచ్చిపోయింది.

"సరే. కుదిర్చినోన్ని నేను. బేరం తప్పితే తేడా దళారే కట్టుకోవాల. ఆ ఒకటిన్నర నాది."

"ఎద్దులు లేకపాయ. యాడినుంచి తెస్తావ్ నాయనా?"

"ఊరోళ్ల ఎద్దులుండాయి గదా. బేరాలు చేస్తా."

ఇల్లు కొన్నాం. ప్రతి నెలా నాయన ఆళ్లగడ్డ నుంచి వచ్చి వడ్డీ తేడా నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. వద్దని అరిచాను, ఏడ్చాను. ఒకసారి ఆ నోట్లు వీధిలోకి విసిరికొట్టాను. ఆయన వంగి ఏరుకొచ్చి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. "నీకు ఇల్లు మిగిలింది తల్లీ. నాకు సంతలో మాట మిగలద్దా?" అన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ వద్దనలేదు.

అప్పు తీరకముందే నాయన పోయాడు. ఆ నెల వడ్డీ మొత్తం నేనే కట్టి, బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.