ఆస్పిరిన్ మింగిన అర్జునుడు

ఆ రోజుల్లో మా వైపు మందు అన్నాక చేదుగా ఉండాలి, పరగడుపున పడాలి, పత్యం పెట్టాలి. వీటిలో ఏది తక్కువైనా దాన్ని ఫలహారం కింద జమకట్టేవాళ్ళం. ఇంగ్లీషు మందు అప్పుడప్పుడే పాకాల చుట్టుపక్కల పల్లెల్లోకి అడుగుపెడుతోంది గానీ, దాన్ని మింగే పద్ధతి మాత్రం మా తాతల నాటిదే. యుద్ధం రోజులు కావడంతో బియ్యం దొరకడమే గగనం, ఇక బిళ్ళల సంగతి చెప్పక్కర్లేదు. దొరికిన బిళ్ళను కళ్ళకద్దుకుని మింగేవాళ్ళం. నా సంగతి చెప్పాలంటే, కుదురు అన్నది పుట్టుకతోనే లేదు. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే అటూ ఇటూ తిరుగుతాను. (నిద్రలో మంచం నాలుగు మూలలూ కొలుస్తానని మా అమ్మ అనేది. అబద్ధమని చెప్పడానికి నేను మేలుకుని లేనుగదా.) అలాంటివాడికి తపస్సు చేసే అర్జునుడి వేషం కట్టబెట్టారంటే, గొంతున్న మగవాళ్ళకి మా ఊళ్ళో ఎంత కరువో మీరే ఊహించుకోండి.

మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలంలో భారతం ఆడేవాళ్ళు. మిగతా నాటకాలు రాత్రి పూటైనా అర్జున తపస్సు మాత్రం పట్టపగలే. గుడి ముందు తాటిచెట్టంత మాను పాతి, ఎక్కడానికి పొడుగునా కొయ్యమెట్లు బిగించి, కొసకు చిన్న మంచె కడతారు. అర్జునుడు మెట్టుమెట్టుకూ పద్యం పాడుతూ పైకెక్కి, శివుణ్ణి వేడుకుని, అక్కణ్ణుంచి నిమ్మకాయలూ విభూతీ కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. నిమ్మకాయ ఒంటిమీద పడితే కడుపు పండుతుందని నమ్మకం. అర్జునుడు కిందికి దిగేదాకా లేవకూడదు, లేస్తే మొక్కు చెడినట్టే. ఆ ఏడు అలా పడుకోబోయేవాళ్ళలో మా అక్క ఉంది. పెళ్ళయి ఏళ్ళు గడిచాయి, బావకు ఇంకో సంబంధం చూడాలని వాళ్ళత్త నలుగురిలోనే అనడం మొదలుపెట్టింది. "అబ్బోడా, పైన ఉండేది నువ్వే గదా. నా మింద పడేటట్టు సూసి ఇసురు రా," అంది అక్క. నవ్వుతూనే అంది గానీ, పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు. "కండ్లు మూసుకుని ఏసినా నీ మిందనే పడతాది లేక్కా!" అని మాటిచ్చేశాను.

మాటిచ్చిన కొన్నాళ్ళకే మోకాలు వాచింది. మాకు ఆటా పాటా నేర్పే గురువును వాద్దేరు అనేవాళ్ళం. ఆయన ఒక చిందు చూపిస్తే నేను ఆత్రం కొద్దీ నాలుగు వేసేవాణ్ణి, ఫలితం ఇదీ. పాకాలలో డాక్టరుగారు మోకాలు నొక్కి చూసి ఆస్పిరిన్ బిళ్ళల పొట్లం చేతిలో పెట్టారు. "బయపడే పని లేదప్పా. నొప్పి తగ్గుతాది, వాపు తీస్తాది. అయితే అన్నం తిన్నాకనే ఏసుకోవల్ల. పొద్దున ఒగటి, రాత్రికొగటి. నొప్పి ఎక్కువుండాదని బిళ్ళలు ఎక్కువ మింగొద్దు. కడుపులో మంట పుడితే ఆపేసి నా దగ్గిరికి రా," అన్నారు. అంతా విన్నాను. కాకపోతే వినేటప్పటికే నా ఒక కాలు గడప అవతల ఉంది. చెప్పినట్టే తిని వేసుకుంటే వాపు సగానికి దిగింది కూడాను.

తీరా తపస్సు రోజు వచ్చింది. మాను దిగేదాకా అర్జునుడికి పచ్చి మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టకూడదు. పొద్దున్నే ఊరికే ఉండలేక మాను చుట్టూ తిరిగి తిరిగి మోకాలి నొప్పిని మళ్ళీ రేపాను. తిన్నాకే బిళ్ళ అని డాక్టరు, తినకూడదని దేవుడు! వాద్దేరు దగ్గరికి పరుగెత్తాను. "కూడు తింటే ఒక్కపొద్దు సెడతాది గానీ మందుకు సెడదు రా," అని ఆయన తీర్పు చెప్పాడు. "తిన్నాకనే ఏసుకోమన్న్యాడే ఆయప్ప?" అన్నాను. "అది బువ్వ మానలేనోళ్ళకి సెప్పే మాట. కసాయం పరగడుపున గదా పని చేసేది? దీనికి మాత్రం వేరే న్యాయమా?" అన్నాడు. నా బుర్ర కూడా తన వంతు సాయం చేసింది. కడుపులో అన్నం అడ్డం లేకపోతే మందు తిన్నగా మోకాటికి దిగుతుంది కదా! ఇద్దరం కలిసి బిళ్ళను కల్వంలో నూరి తేనెతో రంగరించాం. (తేనె కూడా మందేనని వాద్దేరు అన్నాడు.) కాసేపు చూసి, నొప్పి పోలేదని ఇంకొకటి నూరాం. ముఖానికి రంగు వేసే వేళకు పొట్లం ఖాళీ అయింది. నొప్పి మాయం. అర్జునుడికి పాశుపతం ముందే దొరికిందనుకున్నాను.

సగం మాను ఎక్కేసరికి గుండెల కింద మంట రాజుకుంది. ఇంకాస్త పైకెక్కేసరికి చెవుల్లో గుయ్యిమని గంటలు! కైలాసంలో గంటలు మోగుతున్నాయి, నా తపస్సు ఫలిస్తోంది అని నిజంగానే ఒళ్ళు పులకరించింది. వచ్చిన చిక్కేమిటంటే, ఆ గంటల్లో హార్మోనియం వినపడలేదు. పద్యం ఒక దారి, శ్రుతి ఒక దారి. కింద వాద్దేరు చేతులు ఊపుతున్నాడు. జనం మాత్రం నాకు పూనకం వచ్చిందనుకుని, "సామి వచ్చినాడు!" అంటూ దండాలు పెట్టి డప్పులు ఇంకా గట్టిగా వాయించారు. మంచె ఎక్కేటప్పటికి చెమటలు, కళ్ళ ముందు చీకట్లు. కిందికి చూస్తే అన్నీ తడిచీరలే, అందరూ బోర్లానే. వాళ్ళలో అక్క ఎవరో తెలియలేదు. నిమ్మకాయల జోలెలో చెయ్యి పెట్టాను, అంతలోనే వాంతి ముంచుకొచ్చింది.

అప్పుడు లేచిందండీ ఒక మనిషి. "లేయొద్దమ్మా, మొక్కు సెడతాది!" అని చుట్టూ అందరూ అరుస్తుంటే, మా అక్క మాను మొదట్లోకి పరుగెత్తి, తడికొంగు రెండు చేతుల్తో బారుగా పట్టి నిలబడింది. నిమ్మకాయ కోసం కాదు. నేను పడితే పట్టుకుందామని! "పండూ వద్దు, పాడూ వద్దు, దిగు రా నా తండ్రీ! ఎడంకాలు పెట్టు... ఆఁ, ఇంగ కుడికాలు..." చెవుల్లో గంటలను దాటుకుని నాదాకా వచ్చింది ఆ గొంతొక్కటే, దాని వెంటే మెట్టూ మెట్టూ దిగాను. జోలె చేజారి కాయలన్నీ ఎటు దొర్లాయో నాకు తెలియదు. అక్క మీద మాత్రం ఒక్కటీ పడలేదు.

వాంతిలో నెత్తురు చార చూసి బండి కట్టి డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. "ఉత్త కడుపున పడితే ఇది కడుపునే తింటాదప్పా. తేనెతో నూరినా అంతే, నెయ్యితో నూరినా అంతే. చెవుల్లో మోగింది శివుడు గాదు, ఎక్కువైన మందు!" అని ఆయన ఇంటికప్పు ఎగిరేలా కేకలేశారు. (వాద్దేరు అప్పటికే గోడ దాటాడు.) బిళ్ళలు మానిపించి, జావ పోయించి, కదలకుండా పడుకోబెట్టారు. నా జన్మకు నిజమైన తపస్సు ఆ పడుకోవడమే.

అక్కకు పిల్లలు పుట్టలేదు. బావ ఉత్తముడు, తల్లి ఎంత పోరినా ఇంకో పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ఉండబట్టలేక, "ఆ పొద్దు నువ్వు లేయకుండా ఉంటే..." అని మొదలుపెట్టాను. "మాను మింద నుంచి ఒక బిడ్డను దించుకుంటి గదరా, సాలదా?" అని నా నెత్తిన మొట్టింది. నాకు ఏడుపొచ్చింది.

అక్క ఇప్పుడు లేదు. నాకు రెండు మోకాళ్ళూ నొప్పులే. నాలుగు ముద్దలు తిన్నాకే బిళ్ళ వేసుకుంటాను, అదీ చెప్పినన్నే. ముఖాన రంగుతో, కైలాసం గంటలు విన్నానని మురిసిపోయిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. వాడికేం, కింద కొంగు పట్టుకుని నిలబడే మనిషి ఉంది.