షియాన్‌లో నీటి అక్షరాలు

షియాన్‌లో ఏది బాగుందని అనకాపల్లిలో ఎవరడిగినా పాత కోటగోడ అంటాను. నిజానికి ఆ గోడను నేను సరిగా చూడనేలేదు.

రెండు వేల ఆరులో బెల్లం తయారీ యంత్రాలు చూడటానికి నేనూ మా బావమరిది సత్యమూ చైనా వెళ్లాం. అక్కడి షియాన్ ఊళ్లో ఒక ఉదయం కోటగోడ పక్కనున్న పార్కులో ఓ ముసలాయన పొడవాటి కుంచెను బకెట్లో ముంచి, నేల మీద పరిచిన రాతిపలకలపై నీళ్లతో అక్షరాలు రాస్తున్నాడు. ఊళ్లో గొప్పలు చెప్పుకోవడానికి గోడంతా ఫోటోలో పట్టాలన్న ఆత్రంతో నేను వెనక్కి వెనక్కి నడిచి, ఆ రాత మీదికి ఎక్కేశాను.

"బావా, కాలు తియ్యి! అచ్చరాలు తొక్కేత్తన్నావు!" అని సత్యం అరిచాడు.

"నీళ్లే కదరా, ఆరిపోతాయి."

"ఆరిపోతే సదువు కాదేటి? ముందు కళ్లకద్దుకో!"

సిగ్గేసింది. వంగి, తడి అక్షరాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. నా అవస్థ చూసి ముసలాయన నవ్వాడు. ఫర్వాలేదని చెప్పడానికి తన రాత మీద తానే చెప్పులతో అటూ ఇటూ నడిచి చూపించాడు.

"ఓర్నాయనో, ఈయన కూడానా!" అంటూ సత్యం ఆయన తరఫున కూడా వంగి అక్షరాలకు దండం పెట్టాడు.

ముసలాయన నవ్వు ఆగిపోయింది. మా ఇద్దరినీ కాసేపు చూసి, కుంచె పక్కన పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, తన అక్షరాన్నే తాకి కళ్లకద్దుకున్నాడు.

నా ఫోటో పిచ్చి వల్ల అంత పెద్దాయన నడుము వంచాల్సి వచ్చింది. ఆ తప్పుకి ఏం తాకి కళ్లకద్దుకోవాలో సత్యానికి కూడా తెలియలేదు.