స్టాఫ్ పట్టుకున్న అమ్మాయి

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ రెండో ఏడాది సర్వే ల్యాబ్‌కి రోల్ నంబర్ల ప్రకారం జతలు వేశారు. నాకు జతగా పడింది కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి. నాది ఏలూరు, పురోహితుల ఇంటి ఆడపిల్లని. ఆమె సంగతంతా నాకు ముందే తెలుసనుకున్నాను. చేపల చెరువులుంటాయి, డబ్బుంటుంది, పొగరుంటుంది. పొగరు కాకపోతే పూటంతా పక్కనే నిలబడి నాలుగు మాటలైనా మాట్లాడదా? మాట్లాడినా "సరేనండీ", "అలాగేనండీ". ఆ అండీ వింటే నాకు ఒళ్ళు మండేది.

కాలేజీ మైదానంలో ఎత్తుపల్లాలు కొలవాలి. అంకెలు వేసిన పొడవాటి కర్రని స్టాఫ్ అంటారు. ఆమె దాన్ని దూరంగా నిలబెడితే, నేను పరికరంలోంచి చూసి అంకె రాసుకోవాలి. ఎన్నిసార్లు చేసినా లెక్క తప్పే. మాస్టారు రికార్డు విసిరేసినట్టు ఇచ్చి "మళ్ళీ చెయ్యండి" అనేవారు. మూడో వారం కూడా తప్పేసరికి నాకు ఓపిక పోయింది.

"కర్ర నిటారుగా పట్టుకోవడం కూడా రాదా మీకు?" అని అరిచాను.

ఆమె కర్ర భుజాన వేసుకుని నింపాదిగా వచ్చింది. "నిటారుగానే పట్టుకున్నానండీ. ఇందులో బొమ్మ తలకిందులుగా కనబడుతుంది, పైనుంచి కిందికి చదవాలి. మీరు కిందనుంచి పైకి చదువుతున్నారు."

"మీకెలా తెలుసు?"

"మొదటి వారం మీరు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు ఇందులోంచి చూశాను, మీరు రాసిన అంకెలూ చూశానండీ."

"మరి చెప్పొచ్చు కదండీ! మూడు వారాలు ఎండలో మాడి చచ్చాం!"

"మొదటిరోజు ఈ కర్ర నా చేతిలోంచి తీసుకుని రుమాలుతో తుడుచుకున్నారు మీరు. ఇంక మీకేం చెప్పమంటారండీ?"

"దుమ్ముందని..." అన్నాను. దుమ్ము లేదు. చేపల వాసన ఉంటుందనుకున్నాను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మాకు చెరువులు కూడా లేవండీ. మా నాన్న దోనె మీద వెళ్ళి వల వేస్తారు, అంతే," అంది.

తప్పయిపోయిందన్నాను. "సరేనండీ" అంది, అదే గొంతుతో. ఆ రోజు పరికరం ఆమెకిచ్చి కర్ర నేను పట్టుకున్నాను. లెక్క సరిపోయింది. మేం ఒకరినొకరు "నువ్వు" అనుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఏడాది గడిచాక, వేసవి సెలవుల్లో వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మ నా చేతికి కొబ్బరిబోండం ఇచ్చి, "మీరు మా ఇంట్లో టీ తాగరు కదమ్మా," అంది.

"తాగుతానండీ."

"మొహమాటానికి అనకండమ్మా."

"నిజంగానే తాగుతానండీ!" అని దాదాపు అరిచాను. ఆవిడకి ఆ మర్యాద నేర్పింది మా బోటి ఇళ్ళే కాబట్టి, కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. నా స్నేహితురాలు నవ్వుతూ వెళ్ళి పొయ్యి వెలిగించింది.