మూడు మిల్లీమీటర్లు

2022 డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, విజయవాడ గవర్నరుపేటలో ఉన్న మా వాద్యాల షాపులో అరగంట బేరం జరిగింది. ఆ అరగంట వల్ల పోయినవి ఇవి. ఒక ఎలక్ట్రిక్ గిటార్ అమ్మకం. పదకొండేళ్ళుగా మా షాపుకే పిల్లల్ని తీసుకొచ్చిన ఒక గిటార్ మాస్టారు. ఏటా ఆయన వెనక వచ్చే పాతిక ముప్ఫై మంది శిష్యులు, వాళ్ళు కొనే తీగలు, పిక్‌లు, బెల్టులు. గుమ్మం మీద వెలిగే కంపెనీ డీలరు బోర్డు. మరుసటి ఏడు అమ్మకాలు పడిపోయాయని కంపెనీవాళ్ళే వచ్చి విప్పుకుపోయారు. ఇవన్నీ నావి. నావి కానిది ఇంకొకటి ఉంది. పందొమ్మిదేళ్ళ అమ్మాయికి ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో దొరకాల్సిన చోటు. వరసలో దాన్ని చివర రాశాను గానీ, బరువులో అదే మొదటిది.

నాకు గిటార్ వాయించడం రాదు. ఇంటర్ తప్పాక కొన్నాళ్ళు సైకిల్ షాపులో చక్రాలకి ఊచలు బిగించాను. ఏ ఊచ ఎంత లాగితే చక్రం ఎటు వంగుతుందో అక్కడ తెలిసింది. తర్వాత వాద్యాల షాపులో పనికి చేరి, ఆ షాపునే సొంతం చేసుకున్నాక, గిటార్‌ని కూడా అలాగే నేర్చుకున్నాను, స్కేలుతో, వెర్నియర్‌తో కొలిచి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చర్చిల వాళ్ళు, ఆర్కెస్ట్రాల వాళ్ళు, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఎక్కువ. అందరూ అడిగేది ఒకటే: పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ తేడా ఏమిటని. కంపెనీవాళ్ళు పేరు అదే ఉంచి లోపల మారుస్తారు. రంగు, ట్యూనింగ్ కీలు, తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్ లాంటివి కాగితం మీద గొప్పగా వేస్తారు. వేయనివి కూడా ఉంటాయి. అవి కొలిస్తేనే దొరుకుతాయి.

ఆ ఏడు కె-40 అనే మోడల్ మారి కె-40 మార్క్ టూ వచ్చింది. పాత దానికి ఇరవై రెండు ఫ్రెట్లు, కొత్త దానికి ఇరవై నాలుగు. ఫ్రెట్ అంటే వీణ మీద మెట్టు లాంటిదే. ధర పదిహేడున్నర వేల నుంచి ఇరవై ఒక్క వేలైంది. కంపెనీ కాగితంలో చిన్న అక్షరాల్లో మరో మార్పు ఉంది. స్కేల్ లెంగ్త్, అంటే తీగ మోగే పొడవు, 628 మిల్లీమీటర్ల నుంచి 648 అయింది. ఇరవై మిల్లీమీటర్లు పెరిగేసరికి మెట్లన్నీ ఎడంగా జరుగుతాయి. ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి పాత దాంట్లో 94, కొత్త దాంట్లో 97. మామూలు చేతికి ఆ మూడు మిల్లీమీటర్లు లెక్కలోకి రావు.

ఝాన్సీది మామూలు చెయ్యి కాదు. వాళ్ళది నాగాయలంక. తండ్రి ఏడుకొండలు గారు పడవల దగ్గర చేపలు కొని, ఐసులో పెట్టి, వ్యానులో బెజవాడ మార్కెట్‌కి పంపే వ్యాపారం చేసేవారు. ఝాన్సీ ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, మా షాపుకి పిల్లల్ని తీసుకొచ్చే ఆ ఫణి మాస్టారి దగ్గరే గిటార్ నేర్చుకునేది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఐసు నిండిన ట్రే జారి ఎడమ చేతి మీద పడింది. చిటికెన వేలు అతుక్కుంది గానీ పూర్తిగా చాచుకోదు. ఆ సంగతి తనే చెప్పింది. ప్రతి శనివారం షాపుకి వచ్చి, గోడ మీదున్న పాత కె-40 దింపుకుని ఓ మూల కూర్చుని వాయించుకునేది. ఒక రోజు స్కేలు పెట్టి చూశాను. తొంభై అయిదు దాకా వేలు నొప్పి లేకుండా వెళ్ళింది. ఆ పైన వణికింది.

పామర్రులో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళకి మాఘమాసం పెళ్ళిళ్ళకి రిథమ్ గిటార్ వాయించే మనిషి కావాలి. జనవరిలో వచ్చి వాయించి చూపించమన్నారు, గిటార్ సొంతది ఉండాలన్నారు. అప్పటికి మా దగ్గర పాత కె-40 ఒక్కటే మిగిలింది. ఝాన్సీ ఐదు వందల నోటు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"అంకుల్, నాన్న వచ్చేదాకా దీన్ని ఎవరికీ ఇవ్వకండి."

"అడ్వాన్సు దేనికమ్మా, నీ పేరు చెప్పి పక్కన పెడతాలే."

"వద్దంకుల్, తీసుకోండి. డబ్బులిస్తే నాదైపోయినట్టు ఉంటుంది."

పేరు, అడ్వాన్సు ఒక అట్టముక్క మీద రాసి గిటార్ మెడకి కట్టాను.

మా వైపు గిటార్ కొనేవాళ్ళు ఒంటరిగా రారు. వాయించేవాణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. కొనే మనిషి డబ్బు లెక్కపెడితే, వచ్చిన మాస్టారు వస్తువు తేలుస్తాడు. తేల్చినందుకు మాస్టారికి షాపువాడు నూటికి ఎనిమిది చొప్పున విడిగా ఇచ్చుకుంటాడు. కొనేవాడికి ఆ సంగతి తెలియదు, ఎవరూ చెప్పరు. ఆ ఏడు కంపెనీ కూడా ఒక పథకం పెట్టింది. ఏ షాపులోనైనా సరే, మార్క్ టూలు పది అమ్మించిన మాస్టారికి ఒక ఆంప్లిఫయర్ ఉచితం. ఫణి మాస్టారికి అప్పటికి తొమ్మిది అయ్యాయి.

ఆ శనివారం ముగ్గురూ కలిసే వచ్చారు. ఏడుకొండలు గారు లోపలికి వస్తూనే ఏసీ కింద నిలబడ్డారు.

"బాగుందండీ మీ కొట్టు. రెండు క్వింటాళ్ళ చేప పెట్టుకోవచ్చు" అన్నారు. "మాస్టారండీ, మీరేదంటే అదే. మనకి పండుగప్పకీ కొర్రమేనుకీ తేడా అడిగితే చెబుతాం గానీ, ఈ కర్రల సంగతి మనకేం తెలుసు?"

ఫణి మాస్టారు మార్క్ టూ దింపించారు. "కొత్త మోడలండీ. ఇరవై నాలుగు మెట్లు. పాత దానికి ఇరవై రెండే."

"ధర?"

"మూడున్నర వేలు ఎక్కువ."

"అంటే మెట్టు పదిహేడొందల యాభై పడిందన్నమాట" అని ఏడుకొండలు గారు నవ్వారు. మనిషి నాకు నచ్చాడు. లెక్క వచ్చిన మనిషి, లెక్క చెబితే వింటాడనుకున్నాను.

"ఆ రెండు మెట్లూ అమ్మాయికి పనికిరావండీ" అన్నాను. "రిథమ్ వాయించేవాళ్ళు అంత కిందికి దిగరు. పైనుండే నాలుగు మెట్లే వాళ్ళ పొలం. అక్కడ కొత్త దాంట్లో మూడు మిల్లీమీటర్లు ఎడం పెరిగింది. అమ్మాయి చిటికెన వేలికి అది అందదు. మీరే చూడండి."

ఝాన్సీ పాత దాని మీద చూపుడు వేలు అడ్డంగా పరిచి, చిటికెన వేలు నాలుగో మెట్టుకి చాచి వాయించింది. ఆరు తీగలూ పలికాయి. కొత్త దాని మీద అదే పట్టు పట్టింది. ఐదు పలికాయి, ఒకటి బుర్రుమంది. మళ్ళీ పట్టింది. మళ్ళీ బుర్రుమంది.

ఏడుకొండలు గారు గిటార్ వంక చూడటం లేదు, ఆ వేలి వంక చూస్తున్నారు. ముఖంలో నవ్వు పోయింది.

"వేలి సంగతి నీకెవరు చెప్పారయ్యా?" అన్నారు. అండీ అక్కడితో పోయింది.

"నేనే చెప్పాను నాన్నా" అంది ఝాన్సీ.

"సాధనతో వచ్చేస్తుందండీ" అన్నారు మాస్టారు. "కొత్తది కదా, చెయ్యి పడాలి. రెండు వారాలు చాలు."

"ఎముక సాధనతో పెరగదు మాస్టారూ" అన్నాను.

"రావు గారూ, మీరు అమ్మండి. నేర్పేది నాకొదిలేయండి."

ఏడుకొండలు గారు పాత గిటార్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "ఇట్లాంటివి ఎన్నున్నాయి నీ దగ్గర?"

"ఇదొక్కటేనండీ."

"ఎన్నాళ్ళైంది వచ్చి?"

"ఏడాదిన్నర."

ఆయన మాస్టారి వైపు తిరిగారు. "విన్నారా మాస్టారూ? మేవూ ఇంతే. సాయంత్రానికి మిగిలిపోయిన చేపని, ఇదేనమ్మా రుచి, పొద్దుటిది ఇంత బాగోదు అనే అంటగడతాం. ముప్ఫై ఏళ్ళ నుంచీ అంటున్నా, నాకు తెలీదూ?"

"గిటార్ చేప కాదండీ. కుళ్ళదు."

"అమ్ముడుపోకుండా ఏడాదిన్నర ఉందంటే కుళ్ళినట్టే లెక్క."

అంటూనే మెడకి కట్టిన అట్టముక్క తిప్పి చూశారు. కూతురి పేరు, ఐదు వందల అంకె.

"ఇదేంటి? పిల్ల దగ్గర ముందే డబ్బు పట్టావా?"

"నేనే ఇచ్చాను నాన్నా. ఆయన వద్దనే అన్నారు" అంది ఝాన్సీ.

"నువ్వుండు. గాలం ఎప్పుడో వేశాడన్నమాట."

సొరుగులోంచి ఐదు వందలు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ఒక వేలితో నా వైపే తోశారు. "ఉంచుకో. ఐసుక్రీము తిను."

అప్పుడు నేను చెప్పగలిగిన మాట ఒకటి ఉంది. మాస్టారికి ఈ గిటార్ మీద ఎంత ముడుతుందో చెప్పడం. చెబితే ఆ ముట్టజెప్పేది నేనేనని కూడా తేలుతుంది. మార్కెట్‌లో ఏ షాపువాడూ ఆ మాట అనడు, అన్నవాడి గడప ఇంకో మాస్టారు తొక్కడు. నేనూ అనలేదు. అనకపోయినా మాస్టారు పోనే పోయారు. అదే వీధిలో నాలుగు షాపుల అవతల ఏడుకొండలు గారి చేత మార్క్ టూ కొనిపించారు. ఆయనకి పదోది అయింది.

జనవరి మొదట్లో ఝాన్సీ ఆ గిటార్ తీసుకుని ఒక్కతే వచ్చింది. సెటప్ చేసి పెట్టమంది. సెటప్ అంటే తీగల ఎత్తు, మెడ వంపు సరిచేసి, వేలికి తేలిగ్గా తగిలేట్టు చేయడం. తీగలు వీలైనంత కిందికి దించాను. సన్నవి వేశాను. లాగుడు బాగా తగ్గింది. పొడవు మాత్రం ఏ స్పానరుతోనూ తగ్గేది కాదు. వాయించి చూసుకుంది, బాగుందంకుల్ అంది. బాగా లేదని ఇద్దరికీ వినపడుతూనే ఉంది.

ఐదు వందలు తీసి ఇవ్వబోయాను. గోడ వంక చూసింది.

"అది ఇంకా ఉందిగా అంకుల్. ఉంచండి."

పామర్రులో జరిగింది ఆ ఆర్కెస్ట్రా కీబోర్డు ఆయన తర్వాత తీగలు కొనడానికి వచ్చినప్పుడు చెప్పారు. రెండు పాటలు బాగానే లాగిందట. మూడో పాటలో వేలు కొంకర్లు పోయింది. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టమన్నారట. మొదలుపెట్టలేదు, గిటార్ సంచిలో పెట్టేసుకుంది. "పాపం, చెయ్యి మంచిదేనండీ. మూడు గంటల ప్రోగ్రాంకి నిలవదు" అన్నారాయన. ఆ రోజే ఫోన్లో ఆమెకి ఐదు వందలు పంపాను. పది నిమిషాల్లో తిరిగి నాకే వచ్చాయి, మాట ఏమీ లేకుండా.

ఏప్రిల్‌లో ఏడుకొండలు గారు మార్క్ టూ భుజాన వేసుకుని వచ్చారు. ఈసారి ఏసీ కింద నిలబడలేదు.

"దీనికెంతిస్తారు?"

"పన్నెండు వేలండీ."

"ఇరవై ఒక్క వేలది. నాలుగు నెల్లే అయింది."

"గీత లేదు గానీ, సెకండ్ హ్యాండే కదండీ."

"అప్పుడేమో పాతదే మంచిదన్నావు. ఇప్పుడు కొత్తదాన్ని పాతదంటున్నావు. ఎట్లా చూసినా నీకే కలిసొస్తుందే!"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. గిటార్ మెడ మీదున్న మెట్ల మధ్య ఎడాన్ని వేలితో కొలిచి చూసుకున్నారు.

"నిజంగా ఆ మూడు మిల్లీమీటర్లకేనా?"

"అవునండీ."

"కొంచెం గట్టిగా చెప్పాల్సింది."

"చెప్పాను కదండీ. వాయించి చూపించాం కూడా."

"అమ్మేవాడు చెబితే ఎవడు నమ్ముతాడండీ?" అన్నారు. అండీ తిరిగొచ్చింది, ఎందుకూ పనికిరాకుండా. "ఆ ట్రే ఎత్తమంది నేనే. పనివాళ్ళు రాలేదని పిల్లని పెట్టాను. మీరు నలుగురిలో ఆ వేలు ఎత్తి చూపించేసరికి నాకు మీ మాట వినపడలేదు."

ఐదు వందలు ఆయనకి ఇవ్వబోయాను. "దానిది నాకెందుకు? దానికే ఇవ్వండి" అని గిటార్ తీసుకుని వెళ్ళిపోయారు. పన్నెండు వేలకి ఇవ్వలేదు. ఎవరికి ఎంతకి ఇచ్చారో తెలియదు.

ఈ వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఇది. కొలత సరిగ్గా ఉంటే చాలదు, దాన్ని చెప్పే మనిషికి ఆ మాట వల్ల పైసా రాకూడదు. నాకు వస్తుంది. అందుకని కౌంటర్ ఇవతల నిలబడి నేను చెప్పే నిజం కూడా కొనేవాడి చెవికి సరుకే. మాస్టారి మాట సరుకని వాళ్ళకి తెలియదు, ఎందుకంటే ఆయన కౌంటర్ అవతల నిలబడతారు. ఇప్పుడు ఎవరైనా రెండు మోడళ్ళు చూపించి ఏది మంచిదని అడిగితే, స్కేలు వాళ్ళ చేతికే ఇస్తాను. చాలామంది నవ్వి, వెంట వచ్చిన మాస్టారి ముఖం వంక చూస్తారు.

పాత కె-40 ఇంకో ఏడాది పైగా గోడ మీద ఉంది. డీలరు బోర్డు పోయాక, అద్దె కట్టలేక షాపు సగం పక్కవాళ్ళకి వదిలేయాల్సి వచ్చినప్పుడు, కంకిపాడు నుంచి వచ్చిన ఒక పాస్టరు గారికి పద్నాలుగు వేలకి ఇచ్చాను. అట్టముక్క నేనే కత్తిరించాను. ఆ సాయంత్రం ఝాన్సీకి మళ్ళీ డబ్బు పంపబోతే, ఆ నంబరు మీద ఎవరో మగమనిషి పేరు చూపించింది. మార్కెట్‌లో ఏడుకొండలు గారి వ్యాను కూడా కనపడటం లేదు.

గిటార్ ఉన్నన్నాళ్ళూ అది ఆమె కట్టిన అడ్వాన్సు. అమ్మిన రోజు నుంచి నా బాకీ. ఐదు వందల రూపాయలు.